పొగ చూడని గింజ

“ఓర్ముర్ గిన్నెలో ముద్ద పెట్టింది నువ్వా, కాదా? ఒక్క మాట చెప్పు.”

“కాదయ్యా.”

“మరి ఎవరు?”

అడుగుతున్నది ఆ ఇంటి పనిపిల్ల గ్రోవాని. ఆమె చూపు ఈవర్ భుజం మీదుగా పొయ్యి వైపు పోయి, కాసేపు అక్కడే ఆగి, తిరిగి తన చేతుల మీద పడింది. మణికట్లకు గుర్రపు వెంట్రుకల తాడు బిగించి ఉంది. కట్టించింది డాక్టర్ ఆస్గేర్. జిల్లా అధికారి ఈవర్, స్వార్తిబక్కి అనే ఆ పొలం ఇంటికి చేరేలోపే ఆ ఘనకార్యం అయిపోయింది. ఈవర్‌కి ఒళ్ళు మండడానికి అదొక్కటే చాలు.

జరిగింది ఇదీ. స్వార్తిబక్కి రైతు ఓర్ముర్ మొన్న పొద్దుపోయే వేళ, ఇంటిల్లిపాదితో కూర్చుని మెల్ పిండిముద్ద వెన్నతో తిన్నాడు. మెల్ అంటే ఆ తీరపు ఇసుకలో తనంతట తాను పెరిగే గడ్డి. విత్తేవాడు లేడు, కోసేవాళ్ళే. భోజనమైన కాసేపటికే ఓర్ముర్ వేళ్ళు కొంకర్లు పోయాయి, ఒళ్ళంతా చీమలు పాకుతున్నాయని కేకలు పెట్టాడు, మర్నాడు చనిపోయాడు. గిన్నె అడుగున మిగిలిన ముద్దలో నల్లకొమ్ములు దొరికాయి. వాన ఎక్కువైన ఏడు మెల్ కంకికి బంక తెగులు పడుతుంది. గింజ ఉండాల్సిన చోట కాకిముక్కులాంటిది నల్లగా మొలుస్తుంది. ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పారేస్తారు, ఎందుకంటే అది విషం.

అదే కుండలో పిండి ఇంట్లో అందరూ తిన్నారు. ఎవరికీ తుమ్మైనా రాలేదు. అక్కడ ఎవరి చెక్కగిన్నె వారిది, పక్కవాడి గిన్నెలో వేలు పెట్టడం పుట్టి బుద్ధెరిగినవాడెవడూ చెయ్యడు. కాబట్టి ఎవరో ఓర్ముర్ గిన్నెలోనే, కావాలనే వేశారు. వడ్డించే చెయ్యి ఎవరిదైతే నేరం వాళ్ళది. ఆ చెయ్యి గ్రోవాదని తేలితే, ఓడ ఎక్కించి డెన్మార్క్ జైలుకి పంపుతారు. అక్కడికెళ్ళి తిరిగొచ్చిన ఆడదాన్ని ఈ తీరంలో ఎవరూ చూడలేదు.

“మొన్న పొద్దున్నుంచీ ఎక్కడున్నావు?” అన్నాడు ఈవర్.

“పొగగుడిసెలో. కంకులు ఎండబెడుతున్నా.”

“రోజంతా?”

“నిప్పు వేసినదాన్ని కంకులు ఎండేదాకా గడప దాటకూడదు కదయ్యా. దాటితే ముందు చాప మాడుతుంది, తరవాత గుడిసె అంటుకుంటుంది. మీరూ ఇక్కడే పెరిగారు, మీకు తెలీదా?”

“మరి నీ తిండి?”

“తెచ్చిచ్చారు.”

“ఎవరు తెచ్చిచ్చారో చెప్పడానికి నోరెందుకు రావట్లేదు?”

మళ్ళీ అదే చూపు, పొయ్యి వైపు. ఈవర్ ఈసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ హల్బేరా కాఫీ కాస్తోంది. ఓర్ముర్‌కి అక్క, ఆ ఇంటి పెద్ద దిక్కు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మంత్రసాని. అన్నిటికీ మించి ఈవర్‌కి అమ్మ. కన్నతల్లి కాదు, పెంచిన తల్లి. ఈవర్ పుట్టిననాడే అతని తల్లి కన్ను మూస్తే, ఆ రక్తపు గుడ్డల్లోంచి పిల్లాణ్ణి ఎత్తి తన ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. అతని మొదటి అక్షరం, మొదటి గుర్రం, కోపెన్‌హాగన్ చదువు, అన్నీ ఆవిడ చలవే.

“అబద్ధమాడుతోంది నాన్నా,” అంది హల్బేరా కాఫీ గిన్నె అతని చేతికిస్తూ. “దీపాలు పెట్టే వేళకి లోపలికొచ్చి అందరికీ ఈ పిల్లే వడ్డించింది. తిన్న పాలేర్లు తెల్లారకముందే సముద్రం మీదకి పోయారు గానీ, నేను నా కళ్ళతో చూశాను. పాపం, చిన్నపిల్ల. ముసలాణ్ణి చేసుకోవాలంటే ఏ పిల్లకి మనసొప్పుతుంది?”

“నాకు మనసొప్పింది,” అంది గ్రోవా. ఆ ఉదయమంతటిలో ఎవరూ అడగకుండా ఆమె మాట్లాడింది అప్పుడే. “ఇన్ని ఇళ్ళల్లో చాకిరీ చేశాను. నీకేం కావాలే అని నన్నడిగిన మనిషి ఆయనొక్కడే.”

ఓర్ముర్ గ్రోవాల పెళ్ళి ప్రకటన చర్చిలో రెండు ఆదివారాలు చదివారు. మూడోసారి కూడా చదివితేనే పెళ్ళి, అదొక్కటే మిగిలింది. ఈవర్ కాఫీ తాగాడు. అమ్మ చూశానంటే చూసినట్టే అనుకున్నాడు. పిల్ల మీద జాలి వేసింది, అంతకంటే ఏమీ అనిపించలేదు.

“గుర్రాలు సిద్ధం,” అన్నాడు వాకిట్లోంచి డాక్టర్ ఆస్గేర్, తల వంచి లోపలికి వస్తూ. ఆరడుగుల మనిషి, ఊలుచొక్కా మీద పట్నపు కోటు. “మధ్యాహ్నం దాటితే మంచు కరిగి నది పొంగుతుంది. ఈలోపే పిల్లని అవతలికి దాటించాలి. మీరు సంతకం పెడితే చాలు.”

“గుడిసె చూడకుండానా?”

“గుడిసెలో చూడ్డానికేముంది? గడ్డి! ఈ దేశంలో ఆవులూ గడ్డే తింటాయి, మనుషులూ గడ్డే తింటారు. ఆవులు కాస్త ఏరుకుని తింటాయి, అదీ తేడా.”

“ఆ గడ్డి తినే బతికాం డాక్టరుగారూ, కరువేడు మీ పట్నం నుంచి పిండి ఓడ రానప్పుడు,” అన్నాడు ఈవర్ లేచి నిలబడి. “రండి. మీ కోటుకి పొగ అంటితే నాది పూచీ కాదు.”

పొగగుడిసె ఇంటి వెనకే ఉంది. పచ్చిక గోడలు, మధ్యలో గుంట, గుంట మీద అడ్డకర్రలు, కర్రల మీద గడ్డిచాప, చాప మీద కంకులు. గుంటలో బూడిద చల్లారి ఉంది. ఈవర్ మోకాళ్ళ మీద కూర్చుని ముందు చాప చూశాడు. అంచు నుంచి అంచుదాకా వేలితో తడిమాడు. ఎక్కడా మాడలేదు. కంకులన్నీ ఒకే రంగులో, రొట్టె పైపెచ్చులా గోధుమరంగు తిరిగి ఉన్నాయి.

నిప్పుని ఒక్క పూట కాదు, పాలు పొంగేంతసేపు వదిలినా ఇలా ఉండదు. గ్రోవా గడప దాటలేదన్న మాట నిజం.

అయితే వడ్డించడానికి ఇంట్లోకి వచ్చిందన్న అమ్మ మాట? ఈవర్ ఆ ఆలోచనని అక్కడే నొక్కేశాడు. అమ్మకి వయసు మీద పడుతోంది, తమ్ముడు పోయిన దుఃఖంలో ఉంది, ఒకరోజుకి ఇంకోరోజు చెప్పి ఉంటుంది. మనసు నచ్చినవాళ్ళకి వకాల్తా పుచ్చుకుంటే దానంత గొప్ప ప్లీడరు ఇంకొకడుండడు.

“ఏమిటా సాష్టాంగం?” అన్నాడు ఆస్గేర్ గుమ్మంలోంచి.

ఈవర్ జవాబివ్వకుండా మూలనున్న కట్ట విప్పాడు. అది ఇంకా ఎండబెట్టని మెల్. ఒక కంకి లాగి వెలుగులోకి పట్టుకున్నాడు. నూగు పొట్టు మధ్య మంచి గింజ పాలకంకి దాటి గట్టిపడుతోంది. దాని పక్కనే తెగులు పట్టిన చోట తేనెలా బంక కారి వేళ్ళకి అంటుకుంది. ఆ బంకలో చిన్న నల్లకొమ్ము, ఇంకా మెత్తగా ఉంది. గోటితో నొక్కితే నలిగింది.

“ఈ ఏడు వేసవి ఆలస్యం,” అన్నాడు ఈవర్. “గడ్డీ ముదరలేదు, దాని తెగులూ ముదరలేదు. రెండూ ఒకే కంకిలో కవల పిల్లలు. ఒకటి పచ్చిగా ఉంటే రెండోది ముదిరిపోవడం ఉండదు. ఇది చూడండి, పచ్చిది. ఇదిగో ఇది చాప మీదది.”

చాప మీది కంకుల్లోంచి ఏరిన కొమ్ము ముడుచుకుపోయి ఉంది. విరిస్తే బొగ్గులా పొడి రాలింది, లోపలంతా గోధుమరంగు. వాసన చూశాడు. పొగ. డాక్టర్ ముక్కు దగ్గర పెట్టాడు. డాక్టర్ మొహం చిట్లించాడు.

“ఇప్పుడు ఓర్ముర్ గిన్నెలోది.” ఈవర్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో నాలుగైదు కొమ్ములు, పొడుగ్గా, కొడవలిలా వంగి ఉన్నాయి. ఒకటి తీసి విరిచాడు. టక్కుమంది. లోపల మురికి పాలరంగు. “ఎంత గట్టిగా ఎండిందో విన్నారా? వాసన చూడండి.”

“పిండి వాసన.”

“పొగ వాసన?”

ఆస్గేర్ మళ్ళీ వాసన చూశాడు. “లేదు.”

“పిండిలో కలవకముందు మెల్ గింజ ప్రతిదీ ఈ చాప మీద పడుకుని లేవాల్సిందే. ఈ కొమ్ము పడుకోలేదు. అయినా ఎముకలా ఎండింది. తడి ఆరని మన తీరంలో పొగ చూడకుండా ఎండే గింజ ఏదో చెప్పండి చూద్దాం.”

“ఆ పిల్లే ఇసుకలో కోసుకొచ్చి ఎక్కడో దాచి...”

“దాస్తే బూజు పడుతుంది. పైగా ఈ ఏటిది ఇంకా మెత్తగానే ఉంది. డాక్టరుగారూ, ఇది మన గడ్డి మీద పుట్టిన తెగులు కాదు. వెచ్చటి దేశంలో, రై అనే ధాన్యపు పొలంలో పుట్టి, అక్కడే ఆరి, సీసాకెక్కి సముద్రం దాటి వచ్చింది. మందుగా.” ఈవర్ రుమాలు మడిచాడు. “ఈ జిల్లాలో ఆ మందు తెప్పించేది ఒక్కరే. మీ పెట్టె తెరుస్తారా, నన్ను తెరవమంటారా?”

ఆస్గేర్ పగలబడి నవ్వాడు.

“ఓహో! గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకుంటాననుకున్నారా? ఈ పదవి నాకు రావలసింది మీకొచ్చిందని నాకు కడుపుమంట. కాదనను. కానీ ఆ మంటకి ఓర్ముర్‌ని చంపుతానా? చంపాలనుంటే మిమ్మల్నే చంపేవాణ్ణి.”

“పెట్టె.”

గుర్రం జీనుకి కట్టిన పెట్టె విప్పించి డాక్టర్ స్వయంగా తెరిచాడు. గడ్డిలో పొదిగిన సీసా తీసి ఈవర్ చేతిలో పెట్టాడు. లోపల పొడుగాటి కొమ్ములు, కొడవలి వంపు, మురికి ఊదారంగు. గిన్నెలోవాటికీ వీటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఈవర్ గెలిచాననుకున్నాడు.

“మూత చూడండి,” అన్నాడు ఆస్గేర్.

మూత మీద ఎర్ర లక్క. మందులవాడి ముద్ర చెక్కుచెదరలేదు.

“వసంతంలో మొదటి ఓడకి రెండు సీసాలొచ్చాయి. ఇది ఒకటి, ఇంకా తెరవలేదు. రెండోది ప్రసవాలప్పుడు పనికొస్తుందని మంత్రసానికి పంపాను.” ఇప్పుడు ఆస్గేర్ నవ్వడం లేదు. “ఈ తీరానికి మంత్రసాని ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.”

“ఆ సీసా ఎవరైనా దొంగిలించి ఉండచ్చు.”

“ఉండచ్చు. తమ్ముడు పెళ్ళాడితే ఈ పొలం, ఒడ్డుకి కొట్టుకొచ్చే కలప మీద హక్కు, అన్నీ గ్రోవా పాలవుతాయి. పెళ్ళికాకుండా పోతే అక్కకొస్తాయి. అక్క తరవాత అక్క పెంచుకున్నవాడికి. నేనిదంతా మీకోసమే మింగి ఊరుకున్నాను. పిల్ల నిర్లక్ష్యమో, పగో, ఏదో ఒకటి రాసి ముగిస్తే మీ ఇల్లు నిలబడుతుందనుకున్నాను. మీరే తవ్వారు.”

“నోరు జాగ్రత్త.”

“నా నోరు సరే. ఆ సీసా ఎవరి చేత పంపానో అదైనా గుర్తుందా అధికారి గారూ?”

ఈవర్‌కి గుర్తొచ్చింది. డాక్టర్ వాకిట్లో ముద్దముద్దగా పడుతున్న వసంతపు మంచు. మీ అమ్మకి మందు, అటే పోతున్నారుగా, కాస్త ఇచ్చేయండి అని డాక్టర్ అన్న మాట. జీను సంచిలో ఊలు మేజోళ్ళ మధ్య పగలకుండా పెట్టుకుని తెచ్చాడు. అది అందుకుని హల్బేరా అతని నుదురు ముద్దు పెట్టుకుంది. “మీ అమ్మకి ఆనాడు ఇది దొరికుంటే బతికుండేదిరా,” అంది. ఆ మాటకి అతను ఆ రోజంతా ఏడుపు ఆపుకుంటూ తిరిగాడు.

మోసపోయానని మనిషికి తెలిసినప్పుడు మొదట కోపం రాదు. సిగ్గు వస్తుంది. ఈవర్ చెవులు వేడెక్కాయి. డాక్టర్ మొహంలోకి చూడలేక సీసా తిరిగిచ్చేసి ఇంటి వైపు నడిచాడు.

హల్బేరా ఒక్కతే ఉంది. ఊలు దువ్వుతోంది. అతను తలుపు మూయడం చూసి దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది.

“సీసా ఏది అమ్మా?”

ఆవిడ అబద్ధమాడుతుందనీ, ఆడితే బాగుండుననీ అతను అనుకున్నాడు. ఆడలేదు.

“సముద్రంలో పడేశాను. కూర్చో. తిన్నావా?”

“కొమ్ములు నూరి వెయ్యచ్చుగా. ఎవడికీ తెలిసేది కాదు.”

“తెలియకపోతే ఎలా? చచ్చింది దేనివల్లో కనపడాలిగా. మెల్ తెగులని అందరూ అనుకోవాలి. గింజలు ఏరే పని ఆ పిల్లది.” ఆవిడ నిట్టూర్చింది. “పొగ సంగతి తట్టలేదు. నాకు తట్టకపోవడమేమిటో! జన్మంతా ఆ పొగలోనే బతికాను, వాసన తెలియడం మానేసింది కాబోలు.”

“నీ తమ్ముడమ్మా ఆయన.”

“నువ్వు నా కొడుకువి. ముసలాడు బుద్ధి మందగించి, నిన్న గాక మొన్న వచ్చిన దాసీదానికి ఇల్లు రాసిస్తానంటే చూస్తూ కూర్చోనా? నీకేముంది? రాజుగారి జీతం, అద్దె ఇల్లు. రేపు పెళ్ళాం వస్తే ఎక్కడ కూర్చోబెడతావు?”

“నేనడిగానా?”

“పిల్లలు అడిగేదాకా ఆగే తల్లి తల్లేనా?”

“మరి గ్రోవా?” అన్నాడు.

“దిక్కులేనిది. దానికోసం ఏడ్చేవాళ్ళెవరు?”

“నన్ను ఎత్తుకున్ననాడు నేనూ దిక్కులేనివాణ్ణేగా అమ్మా?”

ఆ మాట హల్బేరాకి తగిలింది. ఆవిడ ఊలు వైపు తల వంచుకుంది. కానీ తల ఎత్తినప్పుడు కళ్ళు పొడిగా ఉన్నాయి.

“డాక్టరుకి ఏం తెలుసు?”

“అంతా.”

“వాడికి తెలిస్తే తెలిసింది. రాయాల్సిందీ సంతకం పెట్టాల్సిందీ నువ్వు. పిల్లని పంపించెయ్. వాడి నోరు మూయించే దారి నేను చూస్తాను. వెళ్ళు నాన్నా, నది పొంగుతుంది.”

ఆవిడ ఎప్పటిలాగే చెప్పింది. చిన్నప్పుడు స్నానానికి పంపినట్టు, చదువుకి పంపినట్టు. కాళ్ళు అలవాటుగా కదిలాయి కూడా. గుమ్మం దాటాక గాలి మొహాన కొట్టింది. ఎదురుగా గ్రోవాని గుర్రం ఎక్కిస్తున్నారు. పక్క ఊరి రైతులిద్దరు కళ్ళేలు పట్టుకున్నారు. పిల్ల ఎవర్నీ బతిమాలడం లేదు. తనకోసం ఏడ్చేవాళ్ళు లేరని ఆమెకీ తెలుసు కాబోలు.

“దింపండి,” అన్నాడు ఈవర్. “కట్లు విప్పండి.”

రైతులు డాక్టర్ వైపు చూశారు.

“ఆయన వైపు కాదు, నా వైపు చూడండి. గ్రోవా ఆ రోజు పొగగుడిసె దాటలేదు. చాపే సాక్ష్యం. గిన్నెలో విషం వేసింది...” ఇంటి వైపు ఒకసారి చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. “వేసింది హల్బేరా. నాతో ఒప్పుకుంది.”

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. హల్బేరా శాలువా సర్దుకుంటూ, చర్చికి బయలుదేరినంత నెమ్మదిగా మెట్టు దిగింది. ఈవర్‌ని ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. బేరం కుదరని మనిషిని చూసే చూపు అది.

“అవును, నేనే వేశాను,” అంది అందరికీ వినపడేలా. “తెచ్చిచ్చింది వీడు.”

“అమ్మా!”

“ఓడలో వచ్చిన సీసాని మేజోళ్ళలో చుట్టి మరీ తెచ్చాడు. డాక్టరుగారూ, కాదంటారా? పొలం ఎవరికొస్తుందో మీకు తెలుసు. ముసలిదాన్ని, రేపోమాపో పోయేదాన్ని, నాకెందుకు పొలం? ఇద్దరం కలిసే అనుకున్నాం. ఇప్పుడు భయపడి నా ఒక్కదాని మీదకి తోస్తున్నాడు.”

చిన్నప్పట్నుంచీ ఎరిగిన ఆ రైతులిద్దరూ ఈవర్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు.

“సీసా తెచ్చిన మాట నిజమేనా?” అన్నాడు ఆస్గేర్. అతని గొంతులో గెలిచిన సంతోషం ఉంటుందనుకున్నాడు ఈవర్. లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

“నిజమే. కానీ అది దేనికో...”

“అది కోర్టులో చెప్పుకోండి. నాకు తెలిసింది నేను చెప్పక తప్పదు. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేస్తారు?”

తానైతే ఇద్దర్నీ పట్టుకుని పంపేవాడు. ఈవర్ ఆ మాట పైకి అనలేదు. కొరడా, రాజముద్ర ఉన్న సంచీ తీసి ఆస్గేర్ చేతిలో పెట్టాడు. గ్రోవా మణికట్లు రుద్దుకుంటూ అతన్నే చూస్తోంది.

నది హోరు అప్పుడే పెరుగుతోంది. గుర్రాలని ముందుకి తెచ్చారు. హల్బేరా ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చుని, పావడా సర్దుకుని, పక్క గుర్రం మీదున్న ఈవర్ వైపు వంగింది.

“గాలి చల్లగా ఉంది నాన్నా,” అంది. “కోటు గుండీలు పెట్టుకో.”